వాద్యబృందంతో చలనచిత్ర ప్రదర్శన

తెరపై సినిమా నడుస్తుండగా, దాని నేపథ్య సంగీతాన్ని అదే సభాస్థలిలో సంగీతకారులు వాయించే ప్రదర్శన ఇది. సంభాషణలు, ఇతర శబ్దాలు సినిమా నుంచే వినిపిస్తాయి. సంగీతపు ట్రాకును మాత్రం తొలగిస్తారు.

తెలుగు సినిమాకు ఈ గౌరవం 2019 అక్టోబర్ 19న లండన్‌లో దక్కింది. 1871లో ప్రారంభమైన రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఎస్.ఎస్. రాజమౌళి 'బాహుబలి: ది బిగినింగ్' (2015) చిత్రాన్ని ప్రదర్శిస్తుండగా, ఎం.ఎం. కీరవాణి స్వరాలను అక్కడి వాద్యబృందం పలికించింది. 2025 మేలో అదే హాల్‌లో 'ఆర్ఆర్ఆర్' కూడా ఇలాగే ప్రదర్శితమైంది. వాయులీనాలు, బాకాలు, డప్పులు ఒక్కసారిగా ఎదుట మోగితే, ఎన్నోసార్లు చూసిన యుద్ధఘట్టం కూడా కొత్తదవుతుంది. ఆ అనుభూతిని ఏ స్పీకరూ పూర్తిగా ఇవ్వలేదు.

కష్టమంతా సంగీత నిర్దేశకుడిది. సినిమా ఎవరి కోసమూ ఆగదు. ఆయన ముందున్న చిన్న తెరపై దృశ్యంతో పాటు గీతలు, మెరుపు గుర్తులు కదులుతుంటాయి. చెవిలో తాళపు చప్పుడు నడుస్తుంది. వాటిని బట్టే కత్తి దెబ్బకు సరిగ్గా తాళం పడాలి.

ఈ పద్ధతి మూకీలనాటిదే. 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చి తెలుగు తెర మాట్లాడకముందు, బొమ్మకు తోడు హార్మోనియం, తబలా మోగేవి. కథకు పక్కనే వాద్యం ఉండటం ఉత్తరాంధ్రకు మరీ పాత అలవాటు: పలాస, టెక్కలి, హరిశ్చంద్రపురం ఉన్న శ్రీకాకుళం సీమలో జముకుల కథకులు జముకు మోతతోనే కథ నడిపిస్తారు. ఇలాంటి సినీ ప్రదర్శన ఈ ప్రాంతానికీ రావాలి. ఇక్కడి శ్రోతలకు ఆ చెవి ఎప్పటినుంచో ఉంది.