రొమ్ము క్యాన్సర్ ఉపరకాల నిర్ధారణలో ఫ్లోరసెంట్ ప్రోబ్‌లు – సమాచార పత్రం

పిఠాపురం: రొమ్ము క్యాన్సర్ ఒకే వ్యాధి కాదు. కణితి కణాలలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ గ్రాహకాలు ఉన్నదీ లేనిదీ, హెర్-2 ప్రొటీన్ అధికంగా ఉన్నదీ లేనిదీ పరిశీలించి ఉపరకాన్ని నిర్ణయిస్తారు. హార్మోన్ పాజిటివ్, హెర్-2 పాజిటివ్, ట్రిపుల్ నెగెటివ్ ప్రధాన వర్గాలు. ఔషధాల ఎంపిక దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

ఫిష్ పరీక్ష

బయాప్సీ ముక్కకు తొలుత ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్ష జరుపుతారు. హెర్-2 ఫలితం 0 లేదా 1+ అయినచో నెగెటివ్‌గా, 3+ అయినచో పాజిటివ్‌గా పరిగణిస్తారు. 2+ తుది ఫలితం కాదు. అట్టి నమూనాకు ఫిష్ పరీక్ష అవసరమవుతుంది. ఇందులో 17వ క్రోమోజోముపై గల హెర్-2 జన్యువుకు అతుక్కునే ప్రోబ్‌ను, అదే క్రోమోజోము సెంట్రోమియర్‌కు అతుక్కునే మరొక ప్రోబ్‌ను వినియోగిస్తారు. సూక్ష్మదర్శినిలో ఇవి సాధారణంగా ఎరుపు, ఆకుపచ్చ చుక్కలుగా మెరుస్తాయి. కనీసం 20 కణాలలో చుక్కలను లెక్కిస్తారు. వీటి నిష్పత్తి 2కు, కణానికి హెర్-2 ప్రతుల సగటు 4కు తగ్గనిచో పాజిటివ్‌గా నిర్ధారిస్తారు.

రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతం ఈ వర్గానికి చెందుతాయి. అమెరికాలో 1998లో ఆమోదం పొందిన ట్రాస్టుజుమాబ్ వీరికి ముఖ్య ఔషధం. ఉపరకం తప్పుగా నిర్ధారణ అయినచో అవసరమైన రోగికి ఈ మందు అందదు. అవసరం లేని రోగికి వ్యయంతోపాటు గుండెపై దుష్ప్రభావం కలిగే ప్రమాదం ఉంటుంది.

నమూనా సేకరణలో జాగ్రత్తలు

పిఠాపురం వంటి పట్టణంలో ముక్క తీసి దూరనగరానికి పంపవలసి వచ్చినప్పుడు, ఫలితం ప్రయోగశాలపైనే గాక ముక్క తీసిన ఆసుపత్రిపై కూడా ఆధారపడుతుంది. నమూనాను గంటలోపు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో ఉంచవలెను. అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండవలెను. ముక్క తీసిన సమయాన్ని, ఫార్మలిన్‌లో వేసిన సమయాన్ని విధిగా నమోదు చేయవలెను.

శస్త్రచికిత్సలో వాడే ప్రోబ్‌లు

ఇవి వేరు. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో ఆమోదం పొందిన పెగులిసియానిన్, రొమ్ము కణితి తొలగించిన చోట మిగిలిన క్యాన్సర్ కణజాలాన్ని గుర్తించడానికి తోడ్పడుతుంది, ఉపరకాన్ని తెలుపదు. 2021లో అండాశయ క్యాన్సర్ శస్త్రచికిత్సలకు ఆమోదం పొందిన పాఫొలాసియానిన్ ఫోలేట్ గ్రాహకాలను వెతికి పట్టుకుంటుంది. ఈ గ్రాహకాలు పలు ట్రిపుల్ నెగెటివ్ కణితులలోనూ ఉన్నందున ఆ దిశగా పరిశోధనలు జరుగుతున్నాయి. ఈ ప్రోబ్‌కు ఆధారమైన ఫోలిక్ ఆమ్లాన్ని 1940వ దశకంలో లెడర్లీ ప్రయోగశాలలో సంశ్లేషించిన బృందానికి నాయకత్వం వహించినవారు భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.