ఎదురుకాళ్లు

నేను ఎదురుకాళ్లతో పుట్టానట. చిన్నప్పుడు నడుం పట్టేసినవాళ్లంతా నాతో తొక్కించుకునేవాళ్లు. అమ్మ మాత్రం ఆ కాన్పు ఊసెత్తేది కాదు.

అలాంటి కాన్పునే కావాలని తెప్పించిన మంత్రసాని ఒకామె ఉంది. జర్మనీలో యుస్టీనె సీగెముండ్. 1690లో పుస్తకం అచ్చువేయించింది. బిడ్డ అడ్డంగా ఉంటే తలకు బదులు చెయ్యి జారుతుంది, ఎన్ని నొప్పులొచ్చినా దారి దొరకదు. అప్పట్లో అది తల్లీబిడ్డలిద్దరికీ చావుదాకా వచ్చేది. కాళ్లు పట్టి తిప్పమని ఫ్రాన్సులో ఆంబ్రోయిజ్ పారే అంతకు ముందు శతాబ్దంలోనే రాశాడు. సీగెముండ్ పద్ధతి రెండు చేతులది: లోపల కాలు వెతికి నాడా కట్టాలి. ఒక చెయ్యి బయట్నుంచి నాడా లాగుతుంటే, రెండోది లోపల బిడ్డను పైకి నెట్టాలి. బిడ్డ మెల్లగా తిరుగుతుంది, కాళ్లతో బయటికొస్తుంది.

ఆమెకు పిల్లల్లేరు. (ఇది చదివి కాసేపు ఆగిపోయాను.) పెళ్లైన కొత్తలో మంత్రసానులు ఆమెవి పురిటినొప్పులే అన్నారు. తీరా చూస్తే గర్భమే లేదు! ఆ బాధ పడ్డాకే పుస్తకాలు పట్టుకుంది.

తన పుస్తకాన్ని కూడా ఇద్దరాడవాళ్ల సంభాషణగానే రాసింది. నేర్చుకునే క్రిస్టీనా అడుగుతూనే ఉంటుంది, యుస్టీనా విసుక్కోకుండా చెబుతూనే ఉంటుంది. మధ్యలో రాగిరేకు మీద చెక్కిన బొమ్మలు: తెరిచిన గర్భసంచి, అందులో బిడ్డ, కాలు వెతుకుతున్న ఒక చెయ్యి.