ఆదివారపు టెలివిజన్, బ్రిటన్ (1950ల దశకం)

1955 సెప్టెంబరు 22న ఐటీవీ మొదలయ్యేదాకా బ్రిటన్‌లో టీవీ అంటే బీబీసీ ఒక్కటే. 1957 ఫిబ్రవరి వరకు సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య ప్రసారాలు ఆపేసేవారు. చిన్నపిల్లలను నిద్రపుచ్చడానికి ఇచ్చిన వ్యవధి అది. ఆదివారం ఆ వేళ చర్చి ఆరాధన సమయం కూడా.

రాత్రి వినోదంలో ‘వాట్స్ మై లైన్?’కు గొప్ప ఆదరణ ఉండేది. వచ్చిన అతిథి తన వృత్తిని చేతుల కదలికలతో చూపేవాడు. ప్యానెల్‌లోని నలుగురు సభ్యులు అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలతో ఆ పని ఏమిటో కనిపెట్టాలి. పది ‘కాదు’లు రాబడితే గెలుపు అతిథిదే.

ఆదివారాలకు అసలు ఘనత నాటకాలది. 1954 డిసెంబరు 12న జార్జ్ ఆర్వెల్ నవల ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ను రుడాల్ఫ్ కార్టియర్ దర్శకత్వంలో బీబీసీ ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. ప్రధాన పాత్ర పీటర్ కుషింగ్‌ది. వాద్యబృందం వేరే స్టూడియోలో కూర్చుని, సన్నివేశాలకు అనుగుణంగా అప్పటికప్పుడు వాయించింది. ఎలుకలతో బెదిరించే ఘట్టం చూసి ప్రేక్షకులు హడలిపోయారు, వివాదం పార్లమెంటుకెక్కింది. బీబీసీ వెనక్కి తగ్గలేదు. ఆ తర్వాతి గురువారం నటీనటులు నాటకమంతా మళ్లీ ఆడారు. నేడు మిగిలి ఉన్న రికార్డింగ్ ఆ రెండో ప్రదర్శనదే. అంతటి సాహసం ఆనాటి టెలివిజన్‌లో అరుదు.

ఐటీవీ వచ్చిన తొలి ఆదివారమే, సెప్టెంబరు 25న, ‘సండే నైట్ ఎట్ ది లండన్ పల్లాడియం’ ప్రారంభమైంది. తొలి వ్యాఖ్యాత టామీ ట్రిండర్. పాటలు, హాస్యం, గడియారంతో పోటీపడే ఆటలు అయ్యాక, కళాకారులందరూ తిరిగే రంగస్థలంపై నిలబడి చేతులూపుతూ వీడ్కోలు చెప్పేవారు.