ముంగిటిలో ప్రెయిరీ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇంటి ముంగిలి అనగా పచ్చిక. తివాచీ పరచినట్లు సమముగా కత్తిరించిన గడ్డి ఒక ఇంటి ముందు మొదలై వీధి చివరివరకు సాగిపోవును. ఆ గడ్డిలో మిక్కిలి ప్రసిద్ధమైనది కెంటకీ బ్లూగ్రాస్. పేరు కెంటకీదేగాని పుట్టుక ఐరోపా, ఆసియా ఖండములది. దానిని కోయు యంత్రమును 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగు అను పనివాడు కనిపెట్టెను. బట్టల మిల్లులో ఉన్ని మీది నూగును సమముగా కోయు యంత్రమును చూచి అతనికి ఆ ఊహ తోచినది. ఆ పచ్చిక నడుమ పూచు తెల్ల క్లోవరు ఐరోపాది. దానిపై వ్రాలు తేనెటీగ సైతము 1622లో ఓడపై వర్జీనియాకు చేరిన వలసప్రాణియే. మరి ఆ నేలకు పుట్టుకతో చెందినది ఏది? ఈ ప్రశ్న వేసి ఊరకుండక, గడ్డిని పెకలించి అచ్చట సమాధానమును నాటినవారు కొందరు ఉన్నారు. వారి కథను విస్కాన్సిన్ రాష్ట్రము ఆధారముగా చెప్పుకొందము.

విస్కాన్సిన్, ఇల్లినాయ్, అయోవా మొదలగు మధ్యపశ్చిమ రాష్ట్రములలో ఒకప్పుడు ప్రెయిరీ అను విశాలమైన పూలగడ్డి మైదానములు ఉండెడివి. మనిషి ఎత్తు గడ్డి, దాని నడుమ ఊదా, పసుపు, గులాబి రంగుల పూలు. పైన కనబడునది సగమే. బిగ్ బ్లూస్టెమ్ వంటి గడ్డి వేళ్ళు ఎనిమిది పది అడుగుల లోతునకు పోవును. ఆ వేళ్ళు యుగములుగా కుళ్ళి నేలను నల్లగా, జిగురుగా, సారవంతముగా చేసినవి. పోత ఇనుప నాగలికి ఆ మన్ను అంటుకొని కదలనిచ్చెడిది కాదు. 1837లో జాన్ డీర్ అను కమ్మరి నునుపైన ఉక్కు నాగలి చేసినపిమ్మట ఆ అడ్డు తొలగినది. విస్కాన్సిన్‌లో సుమారు 21 లక్షల ఎకరములుండిన ప్రెయిరీలో నేడు మిగిలినది పదివేల ఎకరములకు లోపే. నూటికి ఒకటి కాదు, అర.

ఇందువలన నష్టపడినది గడ్డి మాత్రమే కాదు. సంయుక్త రాష్ట్రములలో దేశీయమైన ఈగజాతులు సుమారు నాలుగువేలు కలవు. తేనెటీగవలె ఇవి తుట్టెలు కట్టవు. చాలవరకు ఒంటరివి, నేలలో బొరియ త్రవ్వియో, ఎండిన కాడల బోలులోనో గ్రుడ్లు పెట్టును. కొన్ని జాతులు అన్ని పూల పుప్పొడిని స్వీకరింపవు. గుమ్మడిఈగ యనబడునది తన పిల్లలకు గుమ్మడి కుటుంబపు పుప్పొడినే సమకూర్చును. ఇట్టి ప్రాణికి కత్తిరించిన పచ్చిక ఎడారివంటిది. తినుటకు పూవు లేదు, గూటికి బోలు కాడ లేదు, త్రవ్వుటకు ఖాళీనేలయు లేదు.

ఈ సంగతి మొదట గుర్తించినవారు కీటకశాస్త్రజ్ఞులు కారు, తోటపనివారు. డెన్మార్కునుండి వలసవచ్చిన యెన్స్ యెన్సెన్ షికాగో నగర ఉద్యానములలో కూలిపనితో జీవితము ప్రారంభించెను. దూరదేశపు మొక్కలు షికాగో నేలలో నిలువక చచ్చుచుండుట చూచి, 1888లో యూనియన్ పార్కులో ఒక మూల, చుట్టుపట్ల అడవులనుండి తెచ్చిన మొక్కలతోనే ఒక తోట వేసి దానికి అమెరికన్ తోట అని పేరిడెను. జనము వానిని చూచి ముచ్చటపడిరి; తామెరిగిన మొక్కలే యని గుర్తుపట్టిరి. 1913లో ఆయన స్థానిక ప్రకృతి మిత్రుల సంఘమొకటి స్థాపించెను. అయితే ఆయన దృష్టి సౌందర్యము మీదనేగాని ఈగల మీద కాదు. తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు మాడిసన్ నగరములో, దున్ని విడిచిన పాతపొలమున 1930ల నడుమ ప్రెయిరీని మరల పెంచుటకు పూనుకొనిరి. పోయిన ప్రెయిరీని తిరిగి తేవచ్చునా అను ప్రశ్నకు ప్రయోగరూపమున సమాధానము వెదకిన మొట్టమొదటి స్థలములలో అది ఒకటి. అప్పుడప్పుడు నిప్పు పెట్టి కాల్చనిచో పొదలు పెరిగి ప్రెయిరీని మ్రింగివేయునని అచ్చట తేలినది.

విశ్వవిద్యాలయపు పొలమునుండి గృహస్థుని ముంగిటికి ఈ విషయమును తెచ్చిన వ్యక్తి లారీ ఆటో. ఈమె 1919లో జన్మించెను. మిల్వాకీ నగరము ప్రక్కన బేసైడ్ అను గ్రామములో కాపురముండి, ఇంటిచుట్టునున్న పచ్చికను తీసివేసి ఫెర్నులు, ఆస్టరులు, గోల్డెన్‌రాడ్ నాటెను. ఒకనాడు గ్రామపు పనివాండ్రు కలుపు యనుకొని ఆ ముంగిలిని కోసివేసిరి. ఆమె అధికారులను నిలదీసి, అవి కలుపు మొక్కలు కావని పేరుపేరున చెప్పి, తన వాదము నెగ్గించుకొనెను.

అంతకంటె పెద్ద పోరాటము మరియొకటి కలదు. ఆ రోజులలో ఎల్మ్ చెట్లకు తెగులు తెచ్చు బెరడుపురుగును చంపుటకు వీధి వీధిన డి.డి.టి. చల్లుచుండిరి. మందు పడిన ఆకులు రాలును. రాలిన ఆకులను వానపాములు తినును. వానపాములను రాబిన్ పక్షులు తినును. పక్షులు వణకుచు నేలబడి చచ్చుచుండెను. రేచెల్ కార్సన్ 1962లో వెలువరించిన గ్రంథమువలన ఈ వరుస లోకమునకు తెలిసినది. దీనిని తన ఊరిలో కన్నులార చూచిన లారీ ఆటో, న్యాయవాదులను, శాస్త్రజ్ఞులను విస్కాన్సిన్‌కు రప్పించుటలో ముఖ్యపాత్ర వహించెను. 1968 డిసెంబరులో మాడిసన్‌లో మొదలైన విచారణ మరుసటి సంవత్సరము మే నెల వరకు సాగెను. 1970లో విస్కాన్సిన్ రాష్ట్రము డి.డి.టి.ని నిషేధించినది; దేశవ్యాప్తముగా 1972లో నిషేధము వచ్చినది.

ముంగిటి తగవులు మాత్రము అంతటితో ఆగలేదు. అనేక పట్టణములలో ఇన్ని అంగుళములకు మించి గడ్డి పెరుగరాదని చట్టములుండెను. న్యూ బెర్లిన్ పట్టణములో ఆ మితి 12 అంగుళములు. అచ్చటి గృహస్థు ఒకరు, వృత్తిచే వన్యప్రాణి శాస్త్రజ్ఞులు, తన స్థలములో ప్రెయిరీ మొక్కలను పెరుగనిచ్చిరి. పట్టణమువారు దావా వేసిరి. నిప్పంటుకొనును, ఎలుకలు చేరును, పుప్పొడివలన రొంప పుట్టును అని వారి వాదము. 1976లో న్యాయస్థానము నిపుణుల సాక్ష్యమును విని ఆ చట్టము చెల్లదని తీర్పు చెప్పినది.

పుప్పొడి వాదమును గూర్చి ఇచ్చట కొంచెము ఆగి చెప్పవలెను. తరగతిలో పరాగసంపర్కము బోధించువారికి ఇది చక్కని ఉదాహరణము. శరత్కాలములో అమెరికావారికి తుమ్ములు, కండ్ల మంటలు వచ్చును. ఆ సమయమున కంటికి కొట్టవచ్చినట్లు పసుపుపచ్చగా పూచునది గోల్డెన్‌రాడ్. కావున నేరము దానిపై పడినది. నిజమునకు దాని పుప్పొడి బరువైనది, జిగురైనది. ఈగ కాలికి అంటుకొనుటకు ఏర్పడినదేగాని గాలిలో తేలునది కాదు. అదే కాలమున ఎవరి కంటను పడని ఆకుపచ్చ పూలతో రాగ్‌వీడ్ పూచును. దానికి ఈగలతో పని లేదు, అందుచేత రంగు లేదు, మకరందము లేదు. గాలినే నమ్ముకొన్నది కనుక తేలికైన పుప్పొడిని విపరీతముగా విడుచును. దోషి అదియే. కంటికింపైన పూవు ఈగలకొరకు పూచినది కావున మన ముక్కుకు దానివలన బాధ తక్కువ యని విద్యార్థి దీనినిబట్టి ఊహింపవచ్చును, మినహాయింపులు లేకపోలేదు. మన వయ్యారిభామ ఆ రాగ్‌వీడ్‌కు సమీపబంధువే. అది అమెరికానుండి వచ్చి మన బీళ్ళనాక్రమించినది. దానంతట అది పెరిగినదెల్ల దేశీయము కాదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

1979లో మిల్వాకీలో లారీ ఆటో బోధించిన ఒక తరగతికి వచ్చిన తొమ్మండుగురు కలిసి ‘వైల్డ్ వన్స్’ అను చిన్న సంఘము పెట్టుకొనిరి. క్రమముగా దానికి అనేక రాష్ట్రములలో శాఖలేర్పడినవి. వీరు చేయు పనులు ఆడంబరమైనవి కావు. ఒకరి పెరటిని మరొకరు వెళ్ళి చూతురు. శరత్తులో విత్తనములు ఏరి పంచుకొందురు. ఇండ్లు కట్టుటకై యంత్రములతో చదును చేయబోవు స్థలములకు, యజమాని అనుమతితో, ముందుగా పోయి మొక్కలను వేళ్ళతో త్రవ్వి తెచ్చుకొందురు. పాఠశాలలు దేశీయ మొక్కల తోటలు వేసికొనుటకు సంఘము కొద్దిపాటి ధనసహాయము చేయును. ఆ నిధికి లారీ ఆటో పేరే పెట్టిరి.

క్రొత్తవారికి మొదట కలుగునది నిరాశ. ప్రెయిరీ మొక్కల విత్తనములు చాలవరకు తడిలో, చలిలో కొన్ని వారములున్నగాని మొలవవు. మంచుకాలము గడిచినదో లేదో విత్తనము అట్లు తెలిసికొనును. మొలిచినను మొదటి రెండేండ్లు శక్తినంతయు వేళ్ళకే పెట్టును. ఇరుగుపొరుగువారు గునుసుకొను కాలము సరిగా అదియే.

1990లనుండి ఈ ఉద్యమమునకు ఒక సీతాకోకచిలుక పతాకమైనది. మొనార్క్ అను ఆ చిలుక కెనడానుండి మెక్సికో కొండలవరకు వలస పోవును. కెనడా శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ అర్కహార్ట్, రెక్కలకు చిన్న చీటీలు అంటించు వేలాది స్వచ్ఛంద సేవకుల సాయముతో ఆ దారిని వెదకెను. 1975 జనవరిలో మెక్సికోలో వాని శీతకాలపు విడిది బయటపడినది. మొనార్క్ గొంగళి పురుగు మిల్క్‌వీడ్ ఆకు తప్ప మరేదియు తినదు. కలుపుమందుకు చావని సోయా, మొక్కజొన్న రకములు 1996నుండి వచ్చిన తరువాత పొలములలోని మిల్క్‌వీడ్ నశించినది. మెక్సికోలో 1996–97 శీతకాలమున 18 హెక్టారులకు పైగా అడవిని కప్పిన చిలుకలు 2013–14లో 0.67 హెక్టారులకు కుదించుకొనిపోయినవి. కాన్సస్ విశ్వవిద్యాలయములో 1992లో వెలసిన మొనార్క్ వాచ్ సంస్థ, 2005నుండి ఇండ్లలో, బడులలో మిల్క్‌వీడ్ నాటించి వానిని చిలుకల మజిలీలుగా నమోదు చేయుచు వచ్చినది. 2015లో పది లక్షల తోటల లక్ష్యముతో మరియొక పిలుపు వెలువడగా, మూడేండ్లలో ఆ సంఖ్య దాటినది.

అయితే లెక్కకు వచ్చినవి తోటలుగాని ఈగలు కావు. ఈ భేదమును ఉత్సాహవంతులు మరచుచుందురు. మంచి ఉద్దేశముతో చేసిన పొరపాట్లును లేకపోలేదు. అంగడిలో సులభముగా దొరకునదని పలువురు ఉష్ణదేశపు మిల్క్‌వీడ్ నాటిరి. అది వెచ్చని దక్షిణ రాష్ట్రములలో శీతకాలమున చావక నిలుచుటచే, చిలుకలు వలస మాని అచ్చటనే ఉండి, ఆకులపై పేరుకొన్న ఒక పరాన్నజీవిచే పీడింపబడుచున్నట్లు కనుగొనిరి. ఈగలను రక్షింతుమని తేనెటీగల పెట్టెలు కొనువారిది మరియొక భ్రమ. అది కోళ్ళను పెంచి అడవిపక్షులను కాపాడితిమనుకొనుట వంటిది.

మిల్క్‌వీడ్ మనకు క్రొత్త కాదు, దాని కుటుంబములోనిదే మన జిల్లేడు. మొనార్క్‌కు దగ్గరి చుట్టమైన నారింజరంగు చిలుక మన జిల్లేడుపై గ్రుడ్లు పెట్టును. గొంగళి పురుగుకు నలుపు, తెలుపు, పసుపు చారలుండును. మొనార్క్ పురుగుకు వీపుపై నల్లని పోగులు రెండు జతలు. మన పురుగుకు మూడు జతలు. రెండును పాలలోని విషమును ఒంటిలో దాచుకొని పక్షులనుండి తప్పించుకొనును. నేను పూర్వము పనిచేసిన ఒక కళాశాలలో గోడవెనుక నాలుగు జిల్లేడు చెట్లుండెడివి. ఏటేట విద్యార్థులకు ఈ పురుగులను అచ్చటనే చూపెడివాడను. ఒక సంవత్సరము తనిఖీ వచ్చుచున్నదని ఆవరణ శుభ్రము చేయించి వానిని కొట్టించిరి. ఆ స్థలమున గడ్డి పరచిరి. నాకు బేసైడ్ ముంగిలి జ్ఞప్తికి వచ్చినది. లారీ ఆటోవలె వాదించుటకు మాత్రము నాకు నోరు రాలేదు. ఆమె 2010లో మరణించెను.

జిల్లేడు ఇప్పటికిని బాటప్రక్కల దొరకును. ఉపాధ్యాయులు ఒక పూవును తెంపి, పాలు కంట పడకుండ జాగ్రత్తపడి, నడిమి కిరీటపు పలకల మధ్యనున్న సన్నని చీలికలో సూదిమొనను పెట్టి మెల్లగా పైకి లాగవలెను. నల్లని కొక్కెమొకటి, దానికి వ్రేలాడు రెండు పసుపుపచ్చని సంచులు సూదికి తగులుకొని వచ్చును. పుప్పొడి అంతయు ఆ సంచులలోనే ఉండును. గాలికి రాలదు, చిన్న ఈగ లాగజాలదు, ఒక్కొక్కప్పుడు కాలు ఇరుక్కొని అచ్చటనే చచ్చును. దానిని ఊడబెరికి మరియొక పూవునకు చేర్చగల బలము తుమ్మెదకు కలదు. కొంతసేపు చెట్టుకడ నిలిచినచో ఆ నల్లని తుమ్మెద వచ్చుటయు, దాని కాళ్ళకు ఆ సంచులు వ్రేలాడుటయు విద్యార్థులు చూడవచ్చును.