శబరికి ఇటూ అటూ కోయలు



మన భద్రాచలం ఏజెన్సీని 1874లో మద్రాసు కింద గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో ఖమ్మానికి మార్చారు. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రకు ఇచ్చారు. ఎన్నిసార్లు హద్దులు మారినా శబరికి ఇటూ అటూ కోయ మాట, పెళ్లి సంబంధాలు నడుస్తూనే ఉన్నాయి.

2005లో బస్తర్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడి, వేలమంది ఇటు వచ్చారు. ఇక్కడ వాళ్లకు గుత్తికోయలని పేరు పడింది. పీహెచ్‌డీ కోసం బస్తర్ చరిత్ర మీద పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త నందినీ సుందర్, మరికొందరు కలిసి కేసు వేశారు. గిరిజన యువకులకు తుపాకులిచ్చి ఎస్‌పీఓలుగా దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది.

తీర్పు వచ్చింది గానీ ఇటు వచ్చినోళ్ల బతుకు మారలేదు. 342వ అధికరణం ప్రకారం ఎస్టీ జాబితా ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. అటవీ హక్కుల చట్టం గడువు 2005 డిసెంబర్ 13. ఆ తర్వాత కొట్టిన పోడుకు పట్టా రాదు.

మన వాటా తగ్గుద్దని మనోళ్లకు భయం ఉంది. అది ఉత్త భయమేం కాదు. అయినా బయటోళ్లు అనేముందు వాళ్ల పెద్దోళ్ల దగ్గర కూర్చోండి. ఏ గట్టో, ఏ వేల్పో అడగండి.