పెన్సిల్‌కో తోక

‘పెన్ను పిల్లే పెన్సిలా?’ అని యూకేజీ పిల్లలు అడిగితే నవ్వేయకండి. పెద్దవాళ్లలోనూ అలా అనుకునేవాళ్లున్నారు. పేర్లు అతుక్కున్నట్టు కనిపిస్తాయి గానీ, ఈ రెంటికీ చుట్టరికం లేదు.

పెన్ను లాటిన్ ‘పెన్నా’ నుంచి వచ్చింది. అంటే ఈక. పెద్దబాతు ఈక మొనను చెక్కి, సిరాలో ముంచి రాసిన రోజుల పేరది. పెన్సిల్‌ది వేరే దారి. లాటిన్‌లో ‘పెనిసిల్లస్’ అంటే చిన్న తోక. వెంట్రుకలు కట్టిన సన్నటి కుంచె అచ్చం తోకలా ఉంటుంది కదా, దానికే ఆ పేరు పెట్టారు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది. అక్కడా మొదట కుంచెనే పెన్సిల్ అన్నారు. గీసే పుల్లకు ఆ పేరు దక్కింది తర్వాతే. పిల్లలకు ఇవన్నీ అక్కర్లేదు. ఉడత తోక చూపించి, ‘పెన్సిలంటే ఇదే’ అంటే చాలు, జన్మలో మరిచిపోరు.

లోపలి నల్ల ములుకును ‘లెడ్’ అంటాం గానీ, అందులో సీసం రవ్వంత కూడా లేదు. గ్రాఫైటు దొరికిన కొత్తలో సీసమనుకున్నారు, ఆ పేరే నిలిచిపోయింది. గ్రాఫైటు పొడిలో బంకమట్టి కలిపి కాల్చే పద్ధతికి 1795లో ఫ్రాన్సులో కోంటే అనే ఆయన పేటెంటు పొందాడు. మట్టి పాలు పెరిగేకొద్దీ ములుకు గట్టిపడుతుంది.

‘పెనిసిల్లస్’ కథ కుంచెతో ఆగలేదు. 1928లో శాస్త్రవేత్త ఫ్లెమింగ్ కంటపడిన, పెన్సిలిన్ మందుకు మూలమైన బూజు పేరు పెనిసిలియం. మైక్రోస్కోపులో కుంచెలా కనిపిస్తుందని ఆ జాతికి అంతకుముందే ఆ పేరుంది. అలా పెన్సిల్‌కు అసలు చుట్టం పెన్ను కాదు, పెన్సిలిన్ ఇంజెక్షన్.