జెరూసలేం రాజ్యంలో పెద్ద కొలువులు

క్రూసేడు యుద్ధాలనగానే మనకు సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ, హిత్తీన్ విజయం గుర్తుకొస్తాయి. అయితే 1099లో జెరూసలేంను పట్టుకున్న ఫ్రాంకులు 1291లో అక్కా నగరం చేజారేదాకా ఆ తీరాన ఏదో ఒక మేర రాజ్యం చేశారు. ఆ దొరతనాన్ని నడిపిన కొలువులెలాంటివో కాస్త తెలుసుకుందాం.

రాజు కింద ముఖ్యులు కొందరుండేవారు. సెనెషల్ అంటే మన దివాను లాంటివాడు. ఖజానా, రాబడి లెక్కలు ఆయన చూసుకోవాలి. రాజు లేనప్పుడు ప్రభువుల పెద్ద న్యాయసభకు ఆయనే పెద్ద. సైన్యాధిపతి కాన్‌స్టబుల్. ఈ పేరు వింటే మనకు పోలీసు స్టేషను గుర్తుకొస్తుంది గాని, ఆ రోజుల్లో రాజు తర్వాత యుద్ధభూమిలో మాట చెల్లేది ఆయనదే. ఆయన కింద మార్షల్. కొలువులో ఉండగా యోధుడి గుర్రం చస్తే, దానికి బదులు ఇప్పించే బాధ్యత మార్షల్‌ది. రాజుగారి అంతఃపుర వ్యవహారాలు ఛాంబర్లేన్‌వి. ఫర్మానాలు, ముద్రలు ఛాన్సలర్‌వి. జెరూసలేంలోనే పుట్టిన తూరు నగరపు విలియం 1174లో ఛాన్సలర్ అయ్యాడు. ఆ రాజ్య చరిత్రను లాటిన్‌లో రాసిపెట్టినవాడూ ఆయనే.

ఈ పేర్లన్నీ ఫ్రాంకులు తమ దేశం నుంచి మోసుకొచ్చినవే. మరి కింది పని? అది చాలావరకు ఆ నేల మీద ముందునుంచీ ఉన్న పద్ధతిలోనే సాగింది. బజారులో తూకాలు, కొలతలు చూసే ముహ్తసిబ్‌ను ఫ్రాంకులు తీసెయ్యలేదు. పేరును మాత్రం తమ నోటికి తగ్గట్టు 'మతెసెప్' అని మార్చుకున్నారు.

హజ్ ముగించుకుని వస్తూ 1184లో అక్కాకు చేరిన అందలూసియా యాత్రికుడు ఇబ్న్ జుబైర్ ఈ సంగతి కళ్ళారా చూశాడు. సుంకాలు వసూలుచేసే చోటును అక్కడ దీవాన్ అంటారట. (మన దివాణం కూడా ఆ మాటే.) వాకిట్లో తివాచీ పరచిన అరుగుల మీద కూర్చున్న క్రైస్తవ గుమాస్తాలు అరబ్బీలోనే మాట్లాడేవారు, అరబ్బీలోనే లెక్కలు రాసేవారు. మూటలు విప్పి చూశారు గాని, ఎవరితోనూ దురుసుగా ప్రవర్తించలేదని రాశాడు.

ఫ్రాంకులంటే ఇబ్న్ జుబైర్‌కు ఏమాత్రం గిట్టదు. వాళ్ళను శపిస్తూనే రాశాడు. అయినా దారిలో తిబ్నీన్ దగ్గరి పల్లెల్ని చూసి ఒక చేదు నిజం దాచకుండా చెప్పాడు. అక్కడి ముస్లిం రైతులు సగం పంట, తలకింత పన్ను కట్టి తమ ఇళ్ళలో తాము నిమ్మళంగా ఉన్నారు. పక్కనే ముస్లిం ప్రభువుల కింద ఉన్న సోదరులేమో తమ దొరల అన్యాయం గురించి మొరపెట్టుకుంటున్నారు. ముస్లింలకు వచ్చిపడిన ఆపదల్లో ఇదొకటని ఆయన బాధపడ్డాడు.

మూడేళ్ళకే, 1187 జూలై 4న, హిత్తీన్‌లో రాజు గీ, కాన్‌స్టబుల్ ఎమెరీ ఇద్దరూ ఖైదీలయ్యారు. తప్పించుకున్న సెనెషల్ జోసెలిన్ కొద్ది రోజుల్లోనే అక్కాను సుల్తానుకు అప్పగించాడు. అంత పెద్ద బిరుదులూ ఒక్క వారంలో అక్కరకు రాకుండా పోయాయి.

పెద్ద కొలువు ఎవరిదని చరిత్ర పుస్తకాలు అడుగుతాయి. వాకిట్లో మూట దించిన బాటసారి మాత్రం లెక్క సరిగా ఉందా, మాట మర్యాదగా ఉందా అనే చూస్తాడు. శత్రువు దగ్గరైనా సరే, ఉన్న న్యాయాన్ని ఉన్నట్టు రాసి, మనవాళ్ళ లోపాన్నీ కప్పిపుచ్చని ఆ యాత్రికుడి నిజాయితీని మనం గుర్తుంచుకోవాలి.